అమెరికా యూనివర్సిటీలు ఫుట్‌బాల్‌ను ఇంకా ఎంతకాలం మోయాలి?

టెక్సాస్‌లో ఎంఎస్‌కి అప్లై చేసే తెలుగు విద్యార్థుల లిస్టుల్లో యూటీ డాలస్, యూటీ ఆర్లింగ్టన్ పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఈ రెండింటికీ ఫుట్‌బాల్ జట్టు లేదు. (హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు కట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి ఇది.) డాలస్ క్యాంపస్‌కి మొదటినుంచీ లేదు, అక్కడ స్కాలర్‌షిప్పులిచ్చి మరీ తెచ్చుకుని పేరు సంపాదించింది చెస్ ఆటగాళ్లతో. ఆర్లింగ్టన్‌కి ఒకప్పుడు ఉండేది, నష్టాలు తట్టుకోలేక 1985 సీజన్‌తో ఆపేశారు. అదే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ వ్యవస్థలోని ఆస్టిన్ క్యాంపస్‌కి మాత్రం లక్షమంది పట్టే స్టేడియం ఉంది, 2023-24లో దాని అథ్లెటిక్స్ (అంటే అన్ని ఆటలూ చూసే) విభాగం రాబడి 33 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. శాన్ ఆంటోనియో క్యాంపస్ 2011లో కొత్తగా జట్టు పెట్టింది. మెక్సికో సరిహద్దు పక్కనున్న రియో గ్రాండే వ్యాలీ క్యాంపస్ అయితే 2025లోనే మొదలుపెట్టింది. పైన ఉన్న బోర్డు ఒకటే, రాష్ట్రం ఒకటే, ఊళ్లలో ఆటమీద ఉన్న పిచ్చి కూడా ఒకటే. అయినా ఐదు క్యాంపస్‌లు ఐదు దారులు పట్టాయి.

యూనివర్సిటీలు ఫుట్‌బాల్‌ని పోషించాలా వద్దా అనే వాదన అమెరికాలో వందేళ్లకు పైగా నడుస్తోంది. అది మొదలైన ప్రతిసారీ అందరూ అలబామా, ఒహాయో స్టేట్, మిషిగన్ లాంటి పెద్ద జట్ల మీదే కొట్టుకుంటారు. నిజానికి ఈ ప్రశ్న ఆ పెద్దవాళ్లకి పెద్దగా వర్తించదు, వాళ్ల ఫుట్‌బాల్‌ని టీవీ కంపెనీలూ ప్రేక్షకులూ పోషిస్తున్నారు. అడగాల్సింది టీవీలో ఎవరూ చూడని మ్యాచ్‌ల కోసం విద్యార్థుల ఫీజుల్లోంచి డబ్బు తీసి పెడుతున్న మధ్యతరగతి యూనివర్సిటీలని. మానేయాల్సింది ఎవరైనా ఉంటే ముందు వాళ్లే. పెద్ద జట్ల దగ్గర తేల్చాల్సిన లెక్క వేరే ఉంది, అది ఆటగాళ్ల తలకాయల లెక్క.

అసలు ఈ ఏర్పాటే మనకు వింతగా ఉంటుంది. ఉస్మానియా యూనివర్సిటీ ఒక ఐపీఎల్ జట్టుని నడుపుతోందనీ, కోచ్‌కి వైస్ చాన్సలర్ కంటే పదిరెట్లు జీతమనీ, ఆటగాళ్లంతా రోల్ నంబర్లున్న డిగ్రీ స్టూడెంట్లనీ అనుకుంటే అమెరికాలో ఏం జరుగుతోందో సుమారుగా అర్థమవుతుంది. యూరప్‌లో ఆటలు క్లబ్బులవి. అమెరికాలో కూడా బేస్‌బాల్‌కి సొంతంగా కింది స్థాయి లీగులు ఉన్నాయి, పెద్ద జట్లే డబ్బు పెట్టి కుర్రాళ్లని తయారు చేసుకుంటాయి. ఫుట్‌బాల్‌లో మాత్రం ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆ ఖర్చేమీ పెట్టుకోలేదు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తేగానీ ఎవరినీ తీసుకోమని ఒక రూల్ పెట్టుకుంది, ఆ మూడేళ్లూ శిక్షణ, వైద్యం, ప్రచారం అన్నీ యూనివర్సిటీలే చూసుకుంటాయి. ప్రపంచంలోనే అత్యంత లాభసాటి లీగుకి ఇంతకంటే చవక బేరం ఎక్కడ దొరుకుతుంది? పోనీ కాలేజీల్లో ఆడేవాళ్లంతా అక్కడికి చేరతారా అంటే, చేరేది నూటికి ఇద్దరు కూడా కాదు.

మొదలు మాత్రం వ్యాపారంగా కాలేదు. 1869 నవంబర్ 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల కుర్రాళ్లు తమంతట తాము ఏర్పాటు చేసుకున్న మ్యాచ్‌ని మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌గా చెప్తారు, రట్గర్స్ 6-4తో గెలిచింది. ముప్ఫై నలభై ఏళ్లు తిరిగేసరికి అది మనుషుల్ని చంపే ఆట అయింది. ఒక్క 1905లోనే దాదాపు 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కకట్టాయి, వాళ్లలో ఎక్కువమంది హైస్కూలు, చిన్న జట్ల పిల్లలు. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధుల్ని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాడు. కొలంబియా యూనివర్సిటీ జట్టుని రద్దు చేసి పదేళ్లు దూరంగా ఉంది, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ రగ్బీకి మారిపోయాయి. ఆ గొడవలోంచి పుట్టిన, కాలేజీ ఆటలకి రూల్స్ పెట్టే సంఘమే 1910 నుంచి ఎన్‌సీఏఏ అని పిలవబడుతున్నది. బంతిని ముందుకి విసరడం అనే, ఈ రోజు ఆటకి ప్రాణమైన పద్ధతి కూడా 1906లో చావులు తగ్గించడానికి తెచ్చిన మార్పుల్లో ఒకటి. ఆటని తీసేస్తామని బెదిరిస్తేనే రూల్స్ మారాయి, ఈ సంగతి తర్వాత మళ్లీ పనికొస్తుంది.

పూర్తిగా తీసేసిన పెద్ద యూనివర్సిటీ అంటే షికాగో. తీసేసేనాటికి అది ఊరూపేరూ లేని జట్టు కాదు. నలభై ఏళ్లు అక్కడ కోచ్‌గా ఉన్న ఏమోస్ అలాంజో స్టాగ్ ఈ ఆటని తీర్చిదిద్దిన వాళ్లలో ఒకడు, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ 1935లో మొట్టమొదట గెలిచిన జే బెర్వాంగర్ షికాగో విద్యార్థే. అలాంటి జట్టు 1939లో మిషిగన్ చేతిలో 85-0తో ఓడింది. చదువు ప్రమాణాలు తగ్గించి ఆటగాళ్లని తెచ్చుకోవడమో, ఆట మానుకోవడమో రెండే దారులు మిగిలాయి, ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్ రెండోది ఎంచుకున్నాడు. ఖాళీ పడ్డ ఆ స్టేడియం స్టాండ్స్ కిందే 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మి బృందం ప్రపంచంలో మొదటిసారిగా నియంత్రిత అణు గొలుసు చర్యని నడిపింది. తర్వాత ఆ స్థలంలో లైబ్రరీ కట్టారు. దీన్నిబట్టి ఫుట్‌బాల్ తీసేస్తే నోబెల్ బహుమతులొస్తాయని వాదించేవాళ్లున్నారు, అది అతి. షికాగోకి రాక్‌ఫెల్లర్ డబ్బుంది, పేరు మోసిన ప్రొఫెసర్లు అప్పటికే ఉన్నారు. షికాగో అనుభవం చెప్పేది అంతకంటే చిన్న విషయం, ఫుట్‌బాల్ పోయినంత మాత్రాన యూనివర్సిటీ చావదు. పైగా 1969లో ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది కూడా, ఇప్పుడు ఆటకి స్కాలర్‌షిప్పులివ్వని మూడో డివిజన్‌లో, టీవీల హడావుడి లేకుండా ఆడుతున్నారు.

మిగతావాళ్లు షికాగో దారి పట్టలేదు. ఇది చదువులో భాగమే, వ్యాపారం కాదు అనే మాట పట్టుకుని కూర్చున్నారు. ఆ మాట ఎంత ఖరీదైనదో 1957 నాటి ఒక తీర్పు చూస్తే తెలుస్తుంది. కొలరాడోలో ఒక చిన్న కాలేజీ ఆటగాడు 1955లో మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు, ఉద్యోగికి ఇచ్చినట్టు పరిహారం ఇవ్వమని భార్య అడిగింది, కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చిన్న కాలేజీ విషయంలో అది నిజమే కావచ్చు. కానీ తర్వాతి అరవై ఏళ్లూ అదే వాదన గొడుగు కింద లక్షమంది టికెట్లు కొని వచ్చే స్టేడియాలు నడిచాయి. 1984లో టీవీ హక్కుల మీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక డబ్బు గేట్లు పూర్తిగా తెరుచుకున్నాయి. బిగ్ టెన్ అనే ఒక్క కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి) 2022లో ఏడేళ్లకి కుదుర్చుకున్న టీవీ ఒప్పందం విలువే 700 కోట్ల డాలర్ల పైమాట.

ఆ డబ్బంతా ఎటు పోయిందో చూస్తే ఈ వ్యవస్థ మొత్తం అర్థమవుతుంది. యూనివర్సిటీకి షేర్‌హోల్డర్లు లేరు, మిగులు పంచుకునే యజమాని లేడు. ఆటగాళ్లకి స్కాలర్‌షిప్ మించి ఇవ్వకూడదని వాళ్లలో వాళ్లే రాసుకున్న రూలు ఉండేది. ఇంక ఏటా పెరిగే రాబడి వెళ్లడానికి మిగిలినవి రెండే చోట్లు, కోచ్‌ల జీతాలు, కట్టడాలు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా లెక్కల్లో అత్యధిక జీతం తీసుకునే ఉద్యోగి గవర్నరో, సర్జనో కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. టెక్సాస్ ఏ అండ్ ఎం 2023లో జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు కాంట్రాక్టు ప్రకారం అతనికి చెల్లించాల్సి వచ్చింది దాదాపు 7.6 కోట్ల డాలర్లు. పని చేసినందుకు కాదు, ఇంక చెయ్యొద్దు అన్నందుకు. రెండేళ్లు తిరక్కుండానే లూసియానా స్టేట్ యూనివర్సిటీ బ్రయన్ కెల్లీని తీసేసింది, అక్కడ లెక్క దాదాపు 5.4 కోట్లు, చివరికి రాష్ట్ర గవర్నరే బాహాటంగా విసుక్కోవాల్సి వచ్చింది. అందుకే పెద్ద విభాగాలు కూడా కాగితం మీద లాభంలో ఉన్నట్టు కనబడవు. వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టడమే వాళ్లకి తెలిసిన లెక్క. 2019లో అగ్రశ్రేణిలో ఆడే 130 యూనివర్సిటీల్లో సొంత రాబడి ఖర్చుని మించిన అథ్లెటిక్స్ విభాగాలు 25 మాత్రమేనని ఎన్‌సీఏఏ లెక్కలే చెప్పాయి, ఆ పాతికా పెద్ద కాన్ఫరెన్సుల్లోవే.

మరి మిగతా వంద చోట్ల లోటు ఎవరు పూడుస్తున్నారు? కొంత యూనివర్సిటీ సాధారణ నిధులు, కొంత విద్యార్థుల దగ్గర తప్పనిసరిగా వసూలు చేసే అథ్లెటిక్స్ ఫీజు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో అది ట్యూషన్ బిల్లులో వేరే వరసగా కనిపిస్తుంది, కొన్నిచోట్ల ఇంకో పేరున్న ఫీజులో కలిసిపోయి కనిపించదు. మ్యాచ్‌కి వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి. హైదరాబాద్‌లో బ్యాంకు లోను తీసుకుని వెళ్లి, రాత్రుళ్లు లైబ్రరీలో గంటల లెక్కన పనిచేసే ఎంఎస్ విద్యార్థి కూడా చాలాచోట్ల కడుతున్నాడు. అలాగని ఫుట్‌బాల్ ఒక్కటే దోషి అనడానికీ లేదు, ఫుట్‌బాల్ జట్టే లేని జార్జ్ మేసన్ లాంటి చోట కూడా అథ్లెటిక్స్ కోసం విద్యార్థుల మీద భారం వేస్తున్నారు. తేడా ఏంటంటే ఫుట్‌బాల్ వస్తే బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. వంద మందికి పైగా ఆటగాళ్లు, పదిమందికి తక్కువ కాని కోచ్‌లు, చార్టర్ విమానాలు, స్టేడియం, ఇన్సూరెన్స్, ఇంకే ఆటకీ ఇంత పటాలం అక్కర్లేదు.

అప్పు చేసి మునిగిన కథలు కూడా ఉన్నాయి. బర్క్‌లీ క్యాంపస్ స్టేడియం సరిగ్గా హేవర్డ్ భూకంప పగులు మీద ఉంది, భూమి కదిలితే తట్టుకునేలా దాన్ని తిరిగి కట్టడానికీ, పక్కనే శిక్షణ కేంద్రానికీ కలిపి 40 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు చేశారు. మంచి సీట్లని దశాబ్దాల లెక్కన ముందే అమ్మేసి తీరుస్తామన్నారు, అనుకున్నంత మంది కొనలేదు, ఆఖరికి అప్పులో కొంత భాగాన్ని క్యాంపస్ తన ఖాతాకి మార్చుకోవాల్సి వచ్చింది. నోబెల్ గ్రహీతలకి పార్కింగ్ స్థలం బహుమానంగా ఇచ్చే యూనివర్సిటీ అది! ఇక మొదటి మ్యాచ్ గెలిచిన రట్గర్స్, మన ఎడిసన్, పిస్కాటవే తెలుగువాళ్ల పిల్లలు బోలెడంతమంది చదివే రట్గర్స్, 2014లో బిగ్ టెన్‌లో చేరితే కష్టాలు తీరతాయనుకుంది. టీవీ వాటా వచ్చింది, దాంతోపాటు ఒహాయో స్టేట్‌తో పోటీపడే ఖర్చు కూడా వచ్చింది. కోవిడ్ ఏడాదిలో అథ్లెటిక్స్ లోటు 7 కోట్ల డాలర్లు దాటింది. ఇప్పుడు ఆ కాన్ఫరెన్స్‌లో లాస్ ఏంజెలెస్ జట్లు కూడా ఉన్నాయి కాబట్టి న్యూజెర్సీ పిల్లలు ఓ లీగ్ మ్యాచ్ కోసం ఖండం ఈ చివర నుంచి ఆ చివరకి ఎగరాలి. వాళ్ల సోమవారం పొద్దుటి క్లాసు సంగతి టీవీ ఒప్పందంలో ఎవరూ రాసుకోలేదు.

ఇంత నష్టమైతే ఎందుకు మానరు? ఇక్కడ అవతలి వాదనని తీసిపారెయ్యకూడదు, అందులో పస ఉంది.

ఫుట్‌బాల్ గెలిస్తే అప్లికేషన్లు పెరుగుతాయన్నది నిజం. 1984లో బోస్టన్ కాలేజీ ఆటగాడు డగ్ ఫ్లూటీ ఆఖరి క్షణంలో విసిరిన పాస్‌తో మయామి మీద గెలిచాక అప్లికేషన్లు పెరిగాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత శాస్త్రీయంగా లెక్కకట్టిన పరిశోధనల్లో ఒకటి, టాప్ 20లో నిలిచిన జట్ల యూనివర్సిటీలకి అప్లికేషన్లు 2 నుంచి 8 శాతం పెరుగుతాయని చెప్పింది. కాకపోతే అది గెలిచినవాళ్లకి. మ్యాచ్‌లు జరిగే ప్రతి శనివారం గెలిచేవాళ్లు ఎంతమందో ఓడేవాళ్లూ అంతమందే, కాబట్టి దేశం మొత్తం మీద చూస్తే ఇది ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి పోయే ఆటే. పైగా గెలుపుకి చదువుల్లో ఒక ఖరీదు ఉంది, ఒరెగాన్ యూనివర్సిటీ విద్యార్థుల మార్కులు తీసుకుని చేసిన పరిశోధనలో ఫుట్‌బాల్ జట్టు బాగా గెలిచిన సంవత్సరాల్లో అబ్బాయిల గ్రేడ్లు అమ్మాయిలతో పోలిస్తే పడిపోయాయని తేలింది. తాగి తిరిగే శనివారాలు ఎక్కువైతే ఇంకేమవుతుంది.

రెండో వాదన ఇంకా బలమైనది. అమెరికా ఒలింపిక్ జట్టులో మూడొంతుల మంది కాలేజీ ఆటల్లోంచి వచ్చినవాళ్లే. ఈత, రోయింగ్, జిమ్నాస్టిక్స్ లాంటివి సొంతంగా పైసా సంపాదించవు, పెద్ద యూనివర్సిటీల్లో వాటిని పోషించేది ఫుట్‌బాల్ డబ్బు. ఆడవాళ్లకి సమాన అవకాశాలు ఇవ్వాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల పుట్టిన ఆడపిల్లల జట్లు చాలావరకు దాని మీదే నిలబడ్డాయి. ఇది ఒప్పుకుని తీరాల్సిందే, కానీ ఫుట్‌బాల్ మిగుల్లో ఉన్న చోట మాత్రమే. లోటులో ఉన్న చోట జరిగేది దీనికి తలకిందులు. డబ్బు బిగిసినప్పుడల్లా కోత పడేది టెన్నిస్ మీదో రెజ్లింగ్ మీదో పడుతుంది గానీ ఫుట్‌బాల్ మీద పడదు. 2020లో స్టాన్‌ఫర్డ్ అంతటిది ఒకేసారి 11 ఆటలు ఎత్తేస్తామని ప్రకటించింది, ఫుట్‌బాల్ జోలికి పోలేదు. గొడవ జరిగి మరుసటి ఏడు వెనక్కి తగ్గారనుకోండి.

మూడోది డబ్బుకి అందనిది. ఊరంతటికీ ఒక జట్టు ఉండటం, పూర్వ విద్యార్థులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఏటా క్యాంపస్‌కి రావడం, పార్కింగ్ లాటులో పొయ్యిలు పెట్టి వండుకుని తిని లోపలికి వెళ్లడం, నల్లజాతి కాలేజీల్లో అయితే మ్యాచ్‌ని మించి పేరున్న బ్యాండ్ మేళాలు. ఇదంతా వద్దనేవాళ్లకి దీని బలం ఎంతో 2014లో బర్మింగ్‌హామ్‌లో తెలిసొచ్చింది. అలబామా యూనివర్సిటీ బర్మింగ్‌హామ్ క్యాంపస్, యూఏబీ, దేశంలో పేరున్న వైద్య కేంద్రం. అక్కడ ప్రెసిడెంట్ లెక్కలు చూపించి, రాబోయే ఐదేళ్లలో కోట్ల డాలర్లు అదనంగా కావాలని చెప్పి ఆ డిసెంబర్‌లో జట్టుని రద్దు చేశాడు. విద్యార్థి సంఘమే కాదు, ప్రొఫెసర్ల సెనేట్ కూడా ఆయన మీద అవిశ్వాస తీర్మానం చేసింది. ఊళ్లో వ్యాపారస్తులు డబ్బు పోగేశారు. ఆరు నెలల్లో నిర్ణయం వెనక్కి, 2017లో జట్టు మళ్లీ మైదానంలోకి. ఆ తర్వాత ఆ పనికి సాహసించిన యూనివర్సిటీ పెద్దలు మరీ తక్కువ. లెక్కల ప్రకారం మూసెయ్యడం తేలికే, మూసేశాక ఉద్యోగం నిలబెట్టుకోవడమే కష్టం. అయితే యూఏబీ కథలో ఇంకో కోణం ఉంది, కావాలనుకున్నవాళ్లు తమ జేబులోంచి తీశారు. ఎవరికి కావాలో వాళ్లు డబ్బు పెట్టుకుంటే అభ్యంతరం ఏముంది?

డబ్బు గొడవ ఎలాగోలా సర్దుకోవచ్చు, మెదడు గొడవ అలా కాదు. పదేపదే తలకి తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు చనిపోయాక మెదడుని కోసి చూస్తే తప్ప ఖాయంగా తేలదు. బోస్టన్ యూనివర్సిటీ 2017లో ప్రకటించిన పరిశోధనలో, కాలేజీ స్థాయి వరకు ఆడి ఆపేసిన 53 మంది మెదళ్లు పరీక్షిస్తే 48 మందిలో అది కనబడింది. ఈ అంకెని జాగ్రత్తగా చదవాలి, లక్షణాలు కనబడి అనుమానం వచ్చిన కుటుంబాలే ఎక్కువగా మెదడుని దానం చేస్తాయి కాబట్టి ఆడినవాళ్లలో నూటికి తొంభై మందికి ఈ జబ్బు ఉందని దీనర్థం కాదు. అయితే అదే బృందం తర్వాత చెప్పిన విషయం అంతకంటే ఆలోచించాల్సినది, ఆడిన ఒక్కో ఏడాదికీ సీటీఈ అవకాశం సుమారు 30 శాతం చొప్పున పెరుగుతూ పోతోందని. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే కాదు, ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న గుద్దులు కూడా పోగవుతాయి. పిల్లల మెదడుకి పదును పెడతామని ఫీజు తీసుకునే సంస్థ, అదే ఆవరణలో సాయంత్రం పూట ఇది చేయిస్తోంది. ఇంకా దారుణం ఏంటంటే ఆ గుద్దులు ఎవరికి తగులుతున్నాయన్నది. 2018లో వచ్చిన ఒక నివేదిక ప్రకారం అయిదు పెద్ద కాన్ఫరెన్సుల యూనివర్సిటీల్లో డిగ్రీ విద్యార్థుల్లో నల్లజాతి అబ్బాయిలు 2.4 శాతం, ఫుట్‌బాల్ జట్లలో 55 శాతం.

వాళ్లకి చదువైనా సవ్యంగా దక్కుతోందా అంటే నార్త్ కరోలినా యూనివర్సిటీ చాపెల్ హిల్ కథ గుర్తొస్తుంది. 18 ఏళ్ల పాటు క్లాసులే జరగని కోర్సులకి, ఒక్క పేపర్ రాసిస్తే, అది ఎలా ఉన్నా మంచి గ్రేడ్లు పడ్డాయి, 3,100 మందికి పైగా విద్యార్థులు, అందులో దాదాపు సగం ఆటగాళ్లు. మామూలు విద్యార్థులకీ ఆ కోర్సులు దొరికాయి కాబట్టి తమ రూల్స్ కిందికి రాదని 2017లో ఎన్‌సీఏఏ చేతులు దులుపుకుంది.

ఇక్కడే 1905 నాటి సంగతి పనికొస్తుంది. ఆటని చంపకుండానే దెబ్బలు తగ్గించొచ్చు, ఎవరైనా గట్టిగా పట్టుబడితే. డార్ట్‌మత్ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో ప్రాక్టీసులో ఒకరినొకరు పడగొట్టడం ఆపేయించాడు, తర్వాత మనుషుల బదులు పరిగెత్తే రోబో దిండ్లని గుద్దించాడు. జట్టు పాడైపోతుందని నవ్వినవాళ్లున్నారు, 2015లో అది ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి పాత యూనివర్సిటీల కూటమి) టైటిల్ పంచుకుంది. మరుసటి ఏడు ఐవీ లీగ్ మొత్తం సీజన్‌లో ప్రాక్టీసుల్లో టాకిలింగ్‌ని (అలా పడగొట్టడాన్ని) తీసేసింది. కంకషన్లు (మెదడు కుదుపు గాయాలు) ఎక్కువగా జరిగే కిక్‌ఆఫ్‌ని (బంతిని తన్ని ఆట మొదలుపెట్టే చోటుని) అయిదు గజాలు ముందుకి జరిపితే అవి బాగా తగ్గాయి. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో పరిస్థితి చూస్తే, ఆరు జట్ల మీద అయిదు సీజన్లు నడిచిన అధ్యయనంలో కంకషన్లలో 72 శాతం ప్రాక్టీసుల్లో జరిగాయని తేలింది. మ్యాచ్‌లో కాదు, టీవీలో కాదు, ఎవరూ టికెట్ కొనని మంగళవారం సాయంత్రాల్లో. మూడొంతుల ప్రమాదాన్ని ఒక్క పైసా రాబడి పోకుండా తగ్గించే దారి కళ్లముందు ఉండి కూడా చెయ్యకపోవడానికి ఏ సాకూ లేదు.

పెద్ద జట్ల విషయంలో వ్యాపారం కాదనే నాటకం ఎలాగూ ముగిసింది. 2021లో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, ఆ వెంటనే ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకునే ప్రకటనలకి డబ్బు తీసుకోవడం మొదలైంది, 2025 జూన్‌లో ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌తో పాత ఆటగాళ్లకి దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి, ఇకపై ఏటా యూనివర్సిటీయే నేరుగా ఆటగాళ్లకి జీతంలాంటి వాటా. 2025-26కి ఆ వాటా పరిమితి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు, ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కే. జీతం ఇస్తున్నారు, పని గంటలున్నాయి, బాస్ ఉన్నాడు, అయినా ఉద్యోగులు అని మాత్రం అనరు, అంటే యూనియన్లూ, ప్రమాద పరిహారాలూ వస్తాయి కాబట్టి. ఆస్టిన్, కొలంబస్ (ఒహాయో స్టేట్ ఊరు), టస్కలూసా (అలబామా ఊరు) లాంటి చోట్ల యూనివర్సిటీ పేరు అద్దెకిచ్చి జట్టుని వేరే కంపెనీగా నడపడం, ఆటగాళ్లని ఉద్యోగులుగా పెట్టుకోవడం, రిటైరయ్యాక కూడా వైద్యం చూడటం, ఎన్ఎఫ్ఎల్ దగ్గర శిక్షణ ఖర్చు వసూలు చేయడం, ఇవన్నీ జరిగితే అక్కడ ఫుట్‌బాల్ ఉండటానికి అడ్డేమీ లేదు.

అవతలి చివర ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీల లెక్క పూర్తిగా వేరు. మూడో డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ లేదు, జట్టులో ఉన్న వంద మందీ ఫీజు కట్టే విద్యార్థులే. పిల్లలు తగ్గిపోతున్న ఊరి కాలేజీకి ఫుట్‌బాల్ పెట్టడమంటే అబ్బాయిల్ని చేర్పించుకునే అడ్మిషన్ పథకం. కొన్నేళ్లు పనిచేస్తుంది, ఆ ఊపు ఎక్కువకాలం నిలవదని పరిశోధనలు చెప్తున్నాయి గానీ దివాలా అంచున ఉన్న కాలేజీకి రెండేళ్లు కూడా రెండేళ్లే. దాన్ని తప్పుపట్టడం కష్టం, గుద్దులు తగ్గిస్తే చాలు.

మిగిలింది మధ్యలోవాళ్లు. పైవాళ్లతో పోటీపడి 2 కోట్ల వాటా ఇవ్వలేరు, కిందివాళ్లలా సాదాగా ఆడుకోవడానికి పరువు అడ్డం. ఐడహో యూనివర్సిటీ 2018లో ఒక మెట్టు కిందికి దిగింది, పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ 2025 మార్చిలో, తమ బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ టోర్నమెంట్ ఆడిన వారంలోనే, డివిజన్ వన్ నుంచి ఏకంగా మూడో డివిజన్‌కి వెళ్తామని ప్రకటించింది. తెలివైన పని. కానీ ఇటువైపు దిగేవాళ్లకంటే అటువైపు ఎక్కేవాళ్లే ఎక్కువ, రియో గ్రాండే వ్యాలీ లాంటి కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు.

అక్కడ కూడా, శాన్ ఆంటోనియోలో కూడా, ఫీజు పెంపు మీద విద్యార్థుల ఓటింగ్ పెట్టారు, గెలిచింది, కాబట్టి ప్రజాస్వామ్యబద్ధమే కదా అంటారు. తేదీలు చూడండి. శాన్ ఆంటోనియోలో ఓటు 2007లో, మొదటి మ్యాచ్ 2011లో. రియో గ్రాండే వ్యాలీలో ఓటు 2021లో, మొదటి మ్యాచ్ 2025లో. ఓటేసినవాళ్లలో చాలామంది జట్టు మైదానంలోకి దిగేసరికి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయుంటారు, కట్టేది వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు. రెండేళ్లకి వచ్చి పోయే ఎంఎస్ విద్యార్థులకైతే అసలు ఓటు వేసే సందర్భమే రాకపోవచ్చు. ఏ ఫీజైనా నాలుగేళ్లకోసారి, అప్పుడు కడుతున్నవాళ్ల ఓటుతో మళ్లీ గెలవాలని రూలు పెడితే, మధ్యతరగతి ఫుట్‌బాల్‌లో ఎంత మిగులుతుందో అప్పుడే తేలిపోతుంది.